పాషండుడెవడు? — జాన్ హస్సును విచారించిన మహాసభ

'పాషండుడు' అను మాట నేడు మనకు తిట్టుగానే తెలియును. పురాణము చెప్పువారును, భాష్యములు వ్రాసినవారును వేదమార్గము విడిచిన దుర్మార్గుడను నర్థముననే దానిని వాడుచు వచ్చిరి. కాని కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి కొండరాళ్లపై క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మలిపులను చూచినచో ఈ మాట పుట్టుక వేరని తెలియుచున్నది. పండ్రెండవ శాసనమున నా చక్రవర్తి పాషండములన్నిటిని తాను గౌరవించుచున్నాననియు, తన పాషండమును పొగడుకొనుటకై పరుల పాషండమును నిందించువాడు తనదానికే హాని చేసికొనుచున్నాడనియు తెలిపెను. ఆనాడు పాషండమనగా మతశాఖ. అంతకు మించి యేమియు లేదు. మనుస్మృతి కాలమునకు పాషండులు జూదరులతోడను క్రూరులతోడను కలిసి, రాజు పురమునుండి వెడలగొట్టవలసినవారి పట్టీలో చేరిపోయిరి.

పశ్చిమ దేశములందును ఇట్టి కథయే నడచినది. గ్రీకుభాషలో 'హైరెసిస్' అనగా ఎన్నుకొనుట, ఎన్నుకొన్న పక్షము. ఒక తత్త్వవేత్త శిష్యవర్గమునకును, యూదులలోని శాఖలకును ఆ మాట నిర్దోషముగా వాడబడెను. క్రైస్తవమతము రాజ్యాధికారముతో ముడివడిన పిదప నదే మాట మరణశిక్షకు దగిన నేరమునకు పేరయ్యెను. ఎన్నుకొనుట మనుష్యుని స్వభావము. అది నేరమగుటకు, ఎన్నుకొను హక్కు తమ యొక్కరిదేయని చెప్పువారు బయలుదేరవలెను.

మహాసభ సంచికలో మన వంశచరిత్రలును విద్యావిషయములును ఉండగా, ఎక్కడి బొహీమియా దేశపు బోధకుని కథ యేల యని సోదరులు కొందరు అడుగవచ్చును. మేము కావలెననియే దీనిని తీసికొంటిమి. మన సంఘమును ఏటేట సభ గూడుచున్నది, తీర్మానములు చేయుచున్నది, కట్టుబాటు తప్పినవారిని విచారింపుడని కోరువారును మనలో లేకపోలేదు. పదుగురు పెద్దలు కూడిన సభ తప్పు చేయునా? చేసినచో దానిని అడుగదగినవాడెవడు? ఈ ప్రశ్న ఆరువందల యేండ్లకు పూర్వము కాన్స్టెన్సు పట్టణమున నొక మనుష్యుని ప్రాణముతో తూచబడినది.

ఆ కాలమున ఐరోపాలోని రోమను మతసంఘము స్థితి విచిత్రముగా నుండెను. 1378 మొదలు ఇద్దరు పోపులుండిరి: ఒకరు రోమునందు, ఒకరు అవిన్యోనునందు. ఈ తగవు తీర్చుటకై 1409లో పీసా పట్టణమున పెద్దలు సభ చేసి, ఆ యిద్దరిని తొలగించితిమని ప్రకటించి మూడవవాని నెన్నుకొనిరి. తొలగింపబడిన యిద్దరును తొలగలేదు. ఇద్దరుండవలసిన చోట ముగ్గురైరి. ముగ్గురును ఒకరి నొకరు వెలివేసికొనిరి. అట్టివేళ సామాన్యగృహస్థుడు తన బిడ్డకు జ్ఞానస్నానము చేయించిన పూజారి యే పోపు పక్షమువాడో, ఆ స్నానము చెల్లినదో లేదో తెలియక తికమకపడెను.

జాన్ హస్సు సుమారు 1370లో దక్షిణ బొహీమియాలోని హుసినెత్సు గ్రామమున బీదకుటుంబమున పుట్టెను. చెకు భాషలో 'హుస' యనగా బాతుజాతి పక్షి. తన పేరును బట్టి తానే తన్ను బాతునని పరిహాసము చేసికొనుట యాతని లేఖలలో కానవచ్చును. ప్రాగ్ నగరమున 1348లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమున చదివి, 1396లో ఆచార్యపట్టము పొంది, 1400లో గురుత్వము స్వీకరించెను. చదువుకొను దినములలో గురుత్వము మంచి బ్రతుకుతెరువనియే దానిని కోరితినని యాతడు దాపరికము లేక వ్రాసికొనెను. 1402లో ఆ నగరమందలి బెత్లెహేము మందిరమునకు బోధకుడుగా నియమింపబడెను. ఆ మందిరమును 1391లో స్థాపించినవారు పెట్టిన నియమ మొక్కటి గమనింపదగినది: అచట ఉపన్యాసములు ప్రజల భాషయగు చెకులోనే జరుగవలెను. లాటిను తెలియని నేతవారు, రొట్టెలు కాల్చువారు, దాసీజనము, వీరితోపాటు రాణిగారును వచ్చి వినిరి. మూడువేలమంది పట్టు మందిరమది. చెకు భాషను వ్రాయుటకు సులభమైన గుర్తులతో కూడిన లిపిపద్ధతిని ప్రతిపాదించిన గ్రంథమొకటి హస్సుదేయని పండితులు చెప్పుదురు. మతాధికారము నెదిరించినవారు మొదట భాషను బాగుచేసికొనుట అనేక దేశములందు చూచుచున్నాము.

ఆతనికి ఆలోచనలందించినవాడు ఇంగ్లండు దేశపు పండితుడు జాన్ వైక్లిఫు. 1384లో ఆతడు మరణించెను. అంతకు రెండేండ్ల ముందు, 1382లో, బొహీమియా రాజకుమారి ఆన్ ఇంగ్లండు రాజగు రెండవ రిచర్డును పెండ్లాడుటచే రెండు దేశములకును రాకపోకలు హెచ్చెను. ఆక్సుఫర్డునకు చదువబోయిన చెకు విద్యార్థులు వైక్లిఫు గ్రంథములను వ్రాసికొని తెచ్చిరి. గ్రంథములు కాగితముపై పెండ్లివారి బండ్ల వెంట నడచినవనిన తప్పులేదు. వైక్లిఫు మతమంతయు హస్సునకు సమ్మతము కాదు. పూజలోని రొట్టె క్రీస్తుశరీరముగా మారుట లేదని వైక్లిఫు వాదించెను. హస్సు ఆ మాట నెన్నడును అనలేదు. అయినను తుదివరకు నాతనిపై మోపిన నేరములలో నిదియొకటి.

ఇది కేవలము మతము తగవని చెప్పిన సత్యము దాచినవారమగుదుము. ప్రాగ్ విశ్వవిద్యాలయమున నాలుగు 'జాతులు'గా ఓట్లుండెను. అందు చెకులకొక ఓటు, పరదేశీయులకు మూడు. 1409 జనవరిలో వెన్సెస్లాసు రాజు దీనిని తలక్రిందులు చేసి చెకులకు మూడు, తక్కినవారందరికి నొక్కటి యిచ్చెను. జర్మను ఆచార్యులును విద్యార్థులును మూటలు గట్టుకొని పోయి లైప్జిగు నగరమున వేరు విశ్వవిద్యాలయమును పెట్టుకొనిరి. హస్సు పక్షమువారు దీనికి సంతోషించిరి. అట్లు వెడలినవారు తరువాత హస్సునకు ఎక్కడెక్కడ విరోధులైరో కాన్స్టెన్సున తెలిసినది. సంస్కర్తల చరిత్రలో జీతములు, ఓట్లు, పదవులు అను పేరాలను దాటించి చదువు అలవాటు మనకును గలదు; అది మంచిది కాదు.

1410 జూలైలో ప్రాగ్ ఆర్చిబిషప్పు వైక్లిఫు గ్రంథములను రెండువందలకు పైగా తన నగరి ముంగిట కుప్పవేయించి తగులబెట్టించెను. హస్సును వెలివేసెను. ఆయినను బెత్లెహేమున ఉపన్యాసము లాగలేదు, రాజు పక్షముండెను. 1412లో ఆ యండయు పోయినది. పీసా సభవారి వంశపు పోపు ఇరువదిమూడవ జాన్ నేపుల్సు రాజుపై యుద్ధము చేయ నుద్దేశించి, ఆ యుద్ధమునకు ధనమిచ్చువారికి పాపపరిహార పత్రములు పంపెను. ప్రాగ్ నగరమున ఆ పత్రముల విక్రయమునకు పెట్టెలు వెలసెను. ఆ రాబడిలో రాజునకును భాగము గలదు. ఒక క్రైస్తవరాజు ప్రజలను చంపుటకు ద్రవ్యమిచ్చి పుణ్యము కొనుట యేమి శాస్త్రమని హస్సు బోధించెను. ఆ జూలైలో మందిరములందు లేచి ఈ విక్రయము బూటకమని కేకలువేసిన ముగ్గురు పనివాండ్ర కుఱ్ఱవాండ్రను నగరాధికారులు పట్టి తలలు నరికించిరి. జనులు ఆ శవములను బెత్లెహేము మందిరమునకు మోసికొనిపోయి పాతిరి.

పిమ్మట హస్సున్న చోటనెల్ల పూజలు నిలుపవలెనని శాసనము వచ్చినది. దీని బరువు మన చదువరులకు తెలియవలెనన్న మన 'వెలి'ని తలచుకొనిన చాలును. గుడి తలుపులు మూయుదురు. పెండ్లి చేయు గురువుండడు. చచ్చినవానిని పాతుటకు మంత్రముండదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము చేయించినప్పుడు ఆయనతో నడచినవారికి నీళ్లు తెచ్చువారును వంటచేయువారును దొరకక పోయిరనునది మన పెద్దలెరిగినదే. వెలి పడినవానిని అది యంతగా బాధింపదు. ఆతని ప్రక్కయింటివానిని బాధించి, ఆ ప్రక్కయింటివానిచేత నాతనిని గెంటించును. హస్సునకును అట్లే యైనది. తన మూలమున నగరమునకు కీడు రాకూడదని 1412 అక్టోబరులో ప్రాగ్ విడిచెను. పోవుటకు ముందు పోపు తీర్పుపై క్రీస్తునకే అప్పీలు చేసికొనుచున్నానని ప్రకటించెను. న్యాయశాస్త్రము తెలిసినవారు నవ్విరి. ఏలయనగా అట్టి న్యాయస్థానము వారి గ్రంథములలో లేదు.

పల్లెలలో కోటలందు తలదాచుకొనుచు చెట్లక్రిందను, కళ్లములందును బోధించుచు, 1413లో మతసంఘమును గూర్చిన గొప్ప గ్రంథమును పూర్తిచేసెను. అందలి ముఖ్యాంశము చెప్పుట సులభము. మతసంఘమనగా పోపును కార్డినలులును కారు. దైవము ఎన్నుకొన్న సర్వజనులును సంఘమే. దానికి శిరస్సు క్రీస్తు. అపొస్తలుల నడవడి లేనివాడు అపొస్తలుల పీఠముపై కూర్చున్నంతమాత్రమున వారికి వారసుడు కాడు. అధికారుల యాజ్ఞ గ్రంథమునకు విరుద్ధమైనచో దానిని ఎదిరించుటయే విధేయత. ఈ మాటలలో కడపటిది యెంత ప్రమాదమైనదో పోపుకంటె ముందు రాజులు కనుగొనిరి.

మూడు పోపుల తగవు తెగగొట్టుటకై జర్మను రాజు సిగిస్మండు పూనుకొని, స్విట్జర్లండు అంచుననున్న కాన్స్టెన్సు పట్టణమున 1414లో మహాసభ కూర్పించెను. హస్సు నచటికి వచ్చి తన పక్షము చెప్పుకొమ్మని పిలిచి, రాకపోకలకు భయములేదని అభయపత్రము వాగ్దానము చేసెను. మిత్రులు కొందరు వలదనిరి. హస్సు తిరిగి రానేమో యనియే తలచి, లేఖలు వ్రాసియుంచి, అక్టోబరు 11వ తేదీన బయలుదేరెను. త్రోవలోని జర్మను పట్టణములందు జనులు ఆతనిని చూడ వీథులలో మూగిరి. ఆతడు వారితో తన సిద్ధాంతములు నిర్భయముగా చర్చించెను. నవంబరు 3వ తేదీన కాన్స్టెన్సు చేరెను. 28వ తేదీన పట్టుబడెను. సరోవరపు లంకలోనున్న మఠమున మరుగుదొడ్డి ప్రక్క చీకటికొట్టులో పెట్టగా జ్వరముతో చావు బ్రతుకులలో నుండెను. క్రిస్మసు పండుగకు వచ్చిన సిగిస్మండు తన పత్రమునకు భంగము కలిగినదని మొదట కోపించెను. సభ ముక్కలగునని పెద్దలు బెదరింప నూరకుండెను. మతద్రోహికిచ్చిన మాట నిలుపవలసిన పనిలేదను న్యాయమును ఆ పెద్దలే రాజునకు బోధించిరి.

ఇక కథలోకెల్ల విచిత్రమైన భాగము. హస్సును చెరబెట్టించిన ఇరువదిమూడవ జాన్ పోపు, సభ తన్నును తొలగించునని యెరిగి 1415 మార్చి 20వ తేదీ రాత్రి మారువేషముతో పారిపోయెను. ఏప్రిలు 6వ తేదీన సభవారొక తీర్మానము చేసిరి: ఈ మహాసభకు అధికారము నేరుగా క్రీస్తునుండియే వచ్చినది, పోపైనను దీనికి లోబడవలెను. మే 29వ తేదీన పోపును దుర్వర్తనుడని తొలగించిరి. పట్టి తెచ్చి గోట్లీబెన్ కోటలో నుంచిరి. హస్సునకు సంకెలలు వేసి యుంచిన కోటయు నదియే. దుర్వర్తనుడైన పోపు పోపు కాడని వ్రాసిన బోధకుడును, దుర్వర్తనుడని తొలగింపబడిన పోపును ఒకే కోటకు ఖైదీలైరి. మేమీ ఘట్టమును ఎన్ని మారులు చదివినను మాకు ఆశ్చర్యము తీరలేదు. పీఠముకంటె క్రీస్తు పెద్ద యని సభ చెప్పిన ధర్మశాస్త్రము, హస్సు చెప్పిన పాషండము. భేదము మాటలో కొంత గలదు. నోటిలో ఎక్కువ గలదు.

ఈ సభ పెద్దలు మూర్ఖులు కారు. పారిసు విశ్వవిద్యాలయపు ఛాన్సలరు గెర్సను, కార్డినలు ద్'అయి, కార్డినలు జబరెల్లా మొదలగువారు ఆ కాలపు విద్వాంసులలో అగ్రగణ్యులు. సంఘము బాగుపడవలెనని మనసార కోరినవారు. మూడు పోపుల తగవును తీర్చి 1417లో ఒక్క పోపు నెన్నుకొన్నవారును వారే. దొంగలు నిర్దోషిని చంపుట యందు నేర్చుకొనవలసినది కొంచెము. మంచివారు, చదువుకొన్నవారు, సంస్కారమును కోరినవారు కూడి ఒకనిని చంపిన సంగతియే మనము నిలిచి చూడవలసినది.

బహిరంగ విచారణ జూన్ 5, 7, 8 తేదీలలో జరిగెను. మొదటి దినమున హస్సు తన గ్రంథమునకు అర్థము చెప్పబోగా, వివరణ లక్కరలేదు, అవుననియో కాదనియో చెప్పుమని నలుదిక్కుల కేకలు వేసిరి. ఆతడు మౌనము వహింపగా, అదిగో మౌనము అంగీకారమనిరి. సభ యింతకంటె మర్యాదగా నుండునని తలచితినని యాతడనెను. ఏడవ తేదీ ఉదయమున సూర్యగ్రహణము పట్టి చీకటి యయ్యెను. పిదప విచారణ సాగెను. ఎనిమిదవ తేదీన గ్రంథములనుండి తీసిన ముప్పదితొమ్మిది వాక్యములు చదివిరి. మహాపాపమందున్న పోపుగాని బిషప్పుగాని దైవదృష్టిలో నిజముగా పోపు, బిషప్పు కాడన్న వాక్యము వచ్చినప్పుడు హస్సు, రాజును అంతేయనెను. ఆ సమయమున సిగిస్మండు కిటికీయొద్ద ఎవరితోనో మాటలాడుచుండెను. ద్'అయి రాజును పిలిపించి ఆ మాట మరల చెప్పించెను. పీఠములను పడగొట్టుట చాలక సింహాసనములను పడగొట్టుచున్నాడని సభలో గొల్లుమనిరి. ఆనాటి సభ ముగిసిన పిమ్మట, ఈ నేరములలో ఏ యొక్కటియైనను కాల్చుటకు చాలునని రాజు కార్డినలులతో ననెను. గదిలో ఒక మూల చెకు ప్రభువులు నిలిచియుండిరి, రాజు చూడలేదు. ఆ మాట బొహీమియాకు పోయినది. దాని ఖరీదు తరువాత చెప్పెదము.

సభ హస్సును కోరినదేమి? ఈ వాక్యములను నేను బోధించితిని, ఇక విడుచుచున్నాను అని ప్రమాణము చేయుమనిరి. హస్సు ఒప్పుకొననిదేమి? వీనిలో కొన్నిటిని నేను బోధింపనేలేదు. అనని మాటను అంటినని ప్రమాణము చేసినచో దైవము ముందర అబద్ధమాడినవాడనగుదును. అన్న మాటలకు గ్రంథమునుండి తప్పు చూపినచో ఈక్షణమే విడిచెదను. తగవంతయు ఇక్కడనే చిక్కుకొనెను. సభవారి దృష్టిలో సత్యమేదో నిర్ణయించునది సభ. సభ అంటివనిన అన్నట్లే. ఒక పండితుడు చెరసాలకు వచ్చి, నాకు రెండు కన్నులుండగా ఒకటే కన్నున్నదని సభ చెప్పినచో ఒప్పుకొందునని బోధించెనట. లోకమంతయు చెప్పినను నా మనస్సాక్షికి విరుద్ధముగా నట్లనలేనని హస్సు బదులిచ్చెను. జబరెల్లా కడు మెత్తని ప్రమాణపత్రమొకటి వ్రాసి పంపెను. ప్రాణము దక్కించుటకు నిజముగా శ్రమపడినవారున్నారు. అదియు చెల్లలేదు. హస్సు మొండివాడని కొందరు చరిత్రకారులు వ్రాసిరి. మాకట్లు తోచదు. తప్పు చూపిన విడిచెదనన్నవాడు మొండివాడెట్లగును? తప్పు చూపకయే విడువుమన్నవారికి ఆ పేరు తగును.

1415 జూలై 6వ తేదీ శనివారమున కెతెడ్రలు మందిరమున తీర్పు చెప్పిరి. అభయపత్రమును నమ్మి స్వేచ్ఛగా వచ్చితినని హస్సు సిగిస్మండు వైపు చూచెను. గురుత్వపు వస్త్రములు తొడిగి, ఒక్కొక్కటే శపించుచు ఊడదీసిరి. శిరముండనపు గుర్తును ఏ పనిముట్టుతో చెరుపవలెనని బిషప్పులు తమలో వాదులాడుకొనిరి. ఈ సంగతి నచటనుండి చూచి వ్రాసిన మ్లదోనివిత్సె పీటరు గ్రంథమున గలదు. మతద్రోహుల నాయకుడని వ్రాసి, దయ్యముల బొమ్మలు గీసిన కాగితపు టోపీ పెట్టిరి. మతసంఘము నెత్తురు చిందింపరాదు గనుక రాజోద్యోగులకు అప్పగించిరి. ఊరివెలుపల పచ్చికలో కంబమునకు గట్టి మెడవరకు కట్టెలు గడ్డియు పేర్చిరి. నిప్పు పెట్టుటకు ముందు రాజప్రతినిధి వచ్చి ఇప్పుడైనను విడువుమని యడిగెను. హస్సు కాదనెను. పాటపాడుచు చనిపోయెను. ఆతని బట్టలను గూడ మంటలో వేయించి, ఎముకలను చితుకగొట్టి, బూడిదను రైను నదిలో కలిపిరి. చెకులు పిడికెడు మన్నైన కొనిపోయి పూజింతురని భయము. ఆ సభయే మే 4వ తేదీన, ముప్పదియొక్క యేండ్లక్రితము చచ్చిన వైక్లిఫు ఎముకలను త్రవ్వి పారవేయవలెనని తీర్మానించియుండెను. 1428లో ఇంగ్లండులో ఆ పనియు జరిగి, ఆ బూడిదయు ఏటిలో కలిసినది.

హస్సునకు తోడుగా వచ్చిన ప్రాగ్ జెరోము అను పండితుడు పట్టుబడి, 1415 సెప్టెంబరులో బెదరి ప్రమాణము చేసెను. కాని నెలలు గడచిన పిదప సభలో లేచి, మిత్రుని నిందించుటకంటె హీనమైన పాపము తాను చేయలేదని చెప్పి ప్రమాణమును వెనుకకు తీసికొనెను. 1416 మే 30వ తేదీన అదే పచ్చికలో కాలిపోయెను. పోపుగారి కొలువులో ఉద్యోగియైన పోజ్జియో అను ఇటలీ విద్వాంసుడు ఆ చావును చూచి, సోక్రటీసును తలచుకొని మిత్రునికి లేఖ వ్రాసెను. బెదరినవాడు తిరిగి నిలుచుట మొదటనే నిలుచుటకంటె కష్టమని మేము తలచుచున్నాము.

ఇప్పుడు ఖరీదు. 1415 సెప్టెంబరులో బొహీమియా, మొరేవియాల ప్రభువులు 452 మంది ముద్రలు వేసి సభకు నిరసనపత్రము పంపిరి. ఇంతలో మరొక తగవు రగిలినది. ప్రభుభోజనమున గురువులు మాత్రమే ద్రాక్షారసపు గిన్నె ముట్టుచుండిరి. జనులకు రొట్టె ముక్కయే. 1414లో హస్సు ప్రాగ్ విడిచియుండగా ఆతని మిత్రుడు యాకుబెకు జనులకును గిన్నె నందింపజొచ్చెను. 1415 జూన్ 15వ తేదీన సభ దీనిని నిషేధించెను. హస్సు చెరసాలనుండియే ఆ నిషేధము క్రీస్తుమాటకు విరుద్ధమని వ్రాసి పంపెను. గిన్నె చిన్నవస్తువు. కాని పల్నాట బ్రహ్మనాయుడు సాగించెనను చాపకూటి కథ విన్న మనకు, ఒక గిన్నెనుండి త్రాగుట, ఒక చాపపై కూడుట యెంత పెద్దపనియో చెప్పనక్కరలేదు. చెకులు ఆ గిన్నెను తమ జెండాపై వేసికొనిరి.

1419లో వెన్సెస్లాసు చనిపోగా బొహీమియా రాజ్యము సిగిస్మండునకు రావలసియుండెను. కిటికీయొద్ద నిలిచిన రాజు మాట చెకులు మరువలేదు. 1420 మొదలు 1431 వరకు ఐదుమారులు వారిపై ధర్మయుద్ధములు ప్రకటింపబడెను. ఐదుమారులును వచ్చినవారు ఓడిరి. ఒంటికన్ను సేనాని జాన్ జిష్కా నడపిన రైతుసేనలు బండ్లను కోటగా కట్టి, కళ్లము నూర్చు కఱ్ఱలతో కవచధారులను నూర్చినవి. కడపట 1433 జనవరిలో బేసెలు పట్టణమున గూడిన మరియొక మహాసభకు చెకులు పిలువబడిరి. ఈమారు అభయపత్రము నిలిచినది. వారు నెలల తరబడి వాదించిరి. సభ కూర్చుండి వినినది. 1436లో జనులకు గిన్నె యిచ్చుటకు అంగీకారము కుదిరినది. హస్సు అడిగినది ఇదియే: వినుడు, తప్పు చూపుడు. పదునెనిమిదేండ్లును, వేలకొలది ప్రాణములును అయిన పిమ్మట ఆ మర్యాద లభించినది.

హస్సు పేరు చెప్పుకొన్నవారు నిర్దోషులని చెప్పుటకు మాకు సాహసము లేదు. 1421లో జిష్కా తన సేనలోనివారిలోనే ఆదాము మతస్థులనబడు వింతశాఖవారిని పట్టి కాల్పించెను. పూజలోని రొట్టె వట్టి గుర్తేయన్న మార్టిను హుస్కా అను బోధకుని అదే యేట హస్సు పక్షమువారే చిత్రవధచేసి పీపాలో పెట్టి కాల్చిరి. హస్సు బూడిద నీట కలిసి అప్పటికి ఆరేండ్లు. నిన్న వెలివేయబడినవారు నేడు వెలివేయుటకు ఎంతకాలము పట్టునో ఈ లెక్కవలన తెలియును. అణగద్రొక్కబడినవారికి సంఘముగా గూడుకొను బలము వచ్చిన దినమున ఈ పరీక్షయు వచ్చును. మన సభలో తీర్మానములు ప్రవేశపెట్టు సోదరులు తీర్మానము చదువుటకు ముందు హుస్కా పేరు నొకమారు తలచుకొనవలెనని మా ప్రార్థన.

ప్రాగ్ విడిచినవారు విశ్వవిద్యాలయము స్థాపించిన లైప్జిగు నగరమున 1519లో మార్టిను లూథరునకును ఎక్కు అను పండితునకును వాదము జరిగెను. నీవు హస్సు మాటలే చెప్పుచున్నావని ఎక్కు నిందవేయగా, హస్సు మాటలలో కొన్ని నిజమైన క్రైస్తవసమ్మతములేయనియు, మహాసభలును తప్పు చేయవచ్చుననియు లూథరు ఆ జర్మనుల నడుమ నొప్పుకొనెను. బొహీమియాలో మాత్రము 1620లో తెల్లకొండ యుద్ధమున సంస్కరణపక్షము నాశనమై, ఒకటిన్నర శతాబ్దమునకు పైగా ఆ దేశమున హస్సు మతమును బహిరంగముగా ననుసరింప వీలులేకపోయెను. 1915లో, ఆతడు చచ్చిన అయిదువందలవ యేట, ప్రాగ్ పాతనగరపు చౌకమున పెద్ద విగ్రహము వెలసెను. 1999 డిసెంబరులో రెండవ జాన్ పాల్ పోపు హస్సునకు విధింపబడిన క్రూరమరణమునకు తన గాఢ విచారమును ప్రకటించెను. గిన్నె విషయమునను, రోమను మతసంఘము 1963లో తన రెండవ వాటికను మహాసభయందు, కొన్ని సందర్భములలో గృహస్థజనులకు దాని నందింపవచ్చునని నిర్ణయించెను.